మీకు తెలుసా? స్ప్రింక్లర్ల వెనక నీటి లెక్కలు

◆ హోటలు గదిలోనో ఆసుపత్రి వరండాలోనో కప్పుకు బిగించిన స్ప్రింక్లరు హెడ్‌ను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? దాని మధ్యలో సన్నని గాజు బల్బు, అందులో రంగు ద్రవం ఉంటాయి. ఆ రంగు అలంకారం కోసం కాదు. ఎరుపైతే 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర పగులుతుంది. నారింజ 57, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది, లోపల వదిలిన చిన్న గాలిబుడగ మాయమవుతుంది, ఇక చోటు చాలక గాజు పగిలిపోతుంది. ఆ గాజు ఆపి ఉంచిన మూత ఊడిపడి నీరు దూకుతుంది. కరెంటుతో పని లేదు, ఎవరూ మీట నొక్కక్కర్లేదు.

బల్బు లావులోనూ తేడా ఉంది. 5 మిల్లీమీటర్లది మామూలుది, 3 మిల్లీమీటర్లది త్వరగా స్పందించేది. పగిలే ఉష్ణోగ్రత రెండింటికీ 68 డిగ్రీలే కావచ్చు, కానీ సన్నది త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మంట చిన్నగా ఉన్నప్పుడే నీళ్లు మొదలవుతాయి.

◆ అందరికీ ఎర్ర బల్బే సరిపోతుందా? మన ఎండల్లో ఇది అడగాల్సిన ప్రశ్న. అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం, అంటే ఎన్‌ఎఫ్‌పీఏ, స్ప్రింక్లర్ల కోసం రాసిన 13వ నంబరు ప్రమాణం ప్రకారం ఎర్ర బల్బు పెట్టిన చోట కప్పు దగ్గర వేడి 38 డిగ్రీలు దాటకూడదు. ఏసీ ఆఫీసులో ఇబ్బంది లేదు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డు కింద పరిస్థితి వేరు. బయటే 45 డిగ్రీలున్నప్పుడు రేకును ఆనుకున్న గాలి ఇంకా ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు. అక్కడ పసుపు బల్బో ఆకుపచ్చదో ఉండాలి. ఆ చోట ఎప్పుడైనా రాగల గరిష్ఠ వేడికి కనీసం 30 డిగ్రీలు పైన పగిలే బల్బును ఎంచుకోవాలన్నది మన ఇంజనీర్లు పాటించే సూత్రం. గాజు పైకప్పుల కిందా, వంటగదిలో పొయ్యిల దాపునా ఇదే జాగ్రత్త. డ్రాయింగులో ఒకే గుర్తు వేసి, కొనుగోళ్ల విభాగం ఒకే రకం హెడ్లు తెప్పిస్తే, మంట లేని వేసవి మధ్యాహ్నం గోడౌనులో సరుకు తడుస్తుంది.

◆ హీరో అగ్గిపుల్ల గీసి ఒక హెడ్ దగ్గర పెట్టగానే భవనమంతా జల్లు కురవడం సినిమాల్లోనే. నిజంలో ఏ హెడ్ లెక్క దానిదే. ఎన్‌ఎఫ్‌పీఏ గణాంకాల్లో స్ప్రింక్లర్లు పనిచేసిన అగ్నిప్రమాదాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఒక్క హెడ్ తెరుచుకుంటేనే సరిపోయింది. పొగకు ఇవి తెరుచుకోవు. గోడ మీది ఫైర్ అలారం అద్దం పగలగొట్టినా తెరుచుకోవు. అన్నీ ఒక్కసారి కురిసే పద్ధతి కూడా ఉంది కానీ అది ట్రాన్స్‌ఫార్మర్లకూ విమానాల హ్యాంగర్లకూ.

◆ ఆచరణలో నిలిచిన తొలి ఆటోమేటిక్ స్ప్రింక్లరు కాపాడవలసి వచ్చింది పియానోలను. హెన్రీ పార్మలీ అనే అమెరికన్ 1874లో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లోని తన పియానో ఫ్యాక్టరీ కోసం దాన్ని తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు న్యూ ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో చిల్లులు పొడిచిన పైపులుండేవి. మంట లేస్తే మనిషి పరుగెత్తి వెళ్లి వాల్వు తిప్పాలి, అప్పుడు మంట ఉన్నచోటా లేనిచోటా ఒకేలా తడిసేది. పార్మలీ పనిని ఫ్రెడరిక్ గ్రినెల్ 1880లలో మెరుగుపరిచాడు.

ఆ తరువాత మొదలైంది అసలు గందరగోళం. 1895 నాటికి బోస్టన్ చుట్టూ వంద మైళ్ల లోపే పైపు సైజులకూ హెడ్ల మధ్య దూరాలకూ ఒకదానితో ఒకటి పొసగని తొమ్మిది రకాల నియమాలు అమల్లో ఉండేవి. ప్లంబరుకు ఊరు మారితే లెక్క మారిపోయేది. బీమా సంస్థలవాళ్లు కూర్చుని మాట్లాడుకుని 1896లో ఒక ప్రమాణం రాశారు, ఎన్‌ఎఫ్‌పీఏ పుట్టిందీ ఆ ఏడాదే. ఇవాళ గల్ఫ్‌లో భవనాలు కట్టే తెలుగు ఫిట్టర్లు తలకెత్తుకునే 13వ నంబరు ప్రమాణానికి మూలం ఆ పంచాయితీయే.

◆ స్ప్రింక్లర్ల నీటిని ఎలా కొలుస్తారో తెలుసా? వర్షాన్ని కొలిచినట్టే, మిల్లీమీటర్లలో. ఆఫీసులు, ఆసుపత్రి వార్డుల వంటి తక్కువ ప్రమాదపు చోట్ల నిమిషానికి 4.1 మిల్లీమీటర్లు పడాలి. గంటకు లెక్కేస్తే దాదాపు 246. మన వాతావరణ శాఖ 24 గంటల్లో 204 మిల్లీమీటర్లు దాటితేనే దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. అంత వాన ఒక గంట లోపే, అదీ మంట ఉన్న గదిలో.

ఇంజనీరు లెక్క మాత్రం భవనం మొత్తానికి వేయడు. తక్కువ ప్రమాదపు భవనంలో పంపుకు దూరంగా, నీరు అందడం కష్టమైన మూలన 139 చదరపు మీటర్లు తీసుకుని అక్కడి హెడ్లన్నీ ఒకేసారి తెరుచుకున్నాయని అనుకుంటాడు. ఆ మూలకు చాలితే మిగతా చోట్లకు చాలినట్టే. నిమిషానికి సుమారు 570 లీటర్లు, పైన ఫైర్ సిబ్బంది గొట్టాలకు మరో 380, మొత్తం 30 నిమిషాలు. అంటే 28 వేల లీటర్ల పైచిలుకు. ఒక మోస్తరు అపార్టుమెంటు సంపు అంత.

◆ ‘హెడ్ దగ్గర అర బార్ పీడనం ఉంటే చాలు కదా?’ సైట్లలో తరచూ వినిపించే మాట ఇది. ఎన్‌ఎఫ్‌పీఏ కనిష్ఠం 7 పీఎస్‌ఐ, అంటే 0.48 బార్ అన్నమాట నిజమే. కానీ అది చాలుతుందా అన్నది ఆ హెడ్ ఎంత నేలను కాయాలన్న దాన్ని బట్టి ఉంటుంది.

ప్రతి హెడ్‌కూ కె అనే అంకె ఉంటుంది. మామూలుగా వాడే హెడ్‌కు అది 80. బార్లలో పీడనానికి వర్గమూలం కట్టి 80తో గుణిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 0.48 బార్ దగ్గర 55 లీటర్లు. నిమిషానికి 4.1 మిల్లీమీటర్ల చొప్పున అవి పదమూడున్నర చదరపు మీటర్లకే చాలుతాయి. తక్కువ ప్రమాదపు చోట్ల ఒక హెడ్‌కు గరిష్ఠంగా 20.9 చదరపు మీటర్లు ఇవ్వవచ్చని ప్రమాణంలో ఉంది కాబట్టి హెడ్లను అంత దూరదూరంగా పెడితే ఒక్కోదానికి దాదాపు 86 లీటర్లు కావాలి, పీడనం 1.15 బార్ ఉండాలి. హెడ్ల సంఖ్య తగ్గించి డబ్బు మిగిల్చామనుకున్నవాడికి పంపు పెద్దదవుతుంది. వర్గమూలం ఇంకో చిక్కు కూడా తెస్తుంది. నీరు రెట్టింపు కావాలంటే పీడనం నాలుగు రెట్లు పెంచాలి. టెండరులో హెడ్ల ధర విడిగా, పంపు ధర విడిగా రాస్తే ఈ రెండింటికీ ఉన్న సంబంధం ఎవరికీ కనబడదు.

◆ దూరంగా పెడితే తప్పు సరే. మరీ దగ్గరగా పెట్టినా తప్పే! రెండు మామూలు హెడ్ల మధ్య కనీసం 1.8 మీటర్లుండాలి. లేకపోతే మొదట తెరుచుకున్న హెడ్ నీటి తుంపర్లు పక్కదాని బల్బును చల్లబరుస్తాయి. మంట పక్కకు పాకుతున్నా అది తెరుచుకోదు. తప్పనిసరిగా దగ్గరగా పెట్టాల్సి వస్తే మధ్యలో అడ్డు పలక పెట్టాలి.

◆ ఫాల్స్ సీలింగు తీసేసి పైపులు, డక్టులు కనబడేలా ఉంచడం ఇప్పుడు కెఫేలలో, స్టార్టప్ ఆఫీసుల్లో ఫ్యాషను. సీలింగు పోయింది, హెడ్లు మాత్రం పాత ఎత్తులోనే, శ్లాబుకు నాలుగడుగుల కింద వేలాడుతుంటాయి. వేడిగాలి ముందు శ్లాబు కింద పోగవుతుంది. మామూలు హెడ్‌లో నీటిని చిమ్మించే పలక చదునైన కప్పుకు 25 మిల్లీమీటర్ల నుంచి 300 మిల్లీమీటర్ల లోపు ఉండాలన్న నియమం అందుకే. సీలింగు తీసిన రోజే పైపు పొడవు మార్చాలి, లేదా పైకి చూసే హెడ్లు బిగించాలి. ఇంటీరియర్ డిజైనరు కొటేషనులో ఈ ఖర్చు ఉందో లేదో ముందే అడగండి. సాధారణంగా ఉండదు.

దీనికి అన్నదమ్ములాంటి తప్పు క్యాబిన్లు. హాలుగా ఉన్నప్పుడు లెక్కకు సరిపోయిన హెడ్లు, మధ్యలో గోడ లేచాక ఒక గదికి రెండు, పక్క గదికి సున్నా అవుతాయి. కొట్టుగదుల్లో, దుకాణాల్లో అల్మరాల పైన అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చడం ఇంకొకటి. హెడ్ కింద 45 సెంటీమీటర్ల మేర ఖాళీ ఉండాలి. నీరు గొడుగులా విచ్చుకోవడానికి చోటు లేకపోతే ఒక పెట్టె స్నానం చేస్తుంది, వెనకది కాలుతుంది.

◆ గోడలకు రంగులు వేసే కుర్రాడు చేయి తిరిగిన పనిమంతుడై స్ప్రింక్లరు హెడ్‌కూ ఒక కోటింగు ఇచ్చాడా? దాన్ని తుడవకూడదు, గీకకూడదు, తీసేసి కొత్తది పెట్టాలి. రంగు పొర వేడిని ఆపుతుంది, మూతను అంటించేస్తుంది. గుండ్రటి తెల్ల పళ్లెం వెనక దాక్కునే హెడ్ల విషయంలో ఇది మరీ ప్రమాదం. ఆ పళ్లెం బల్బు కంటే ముందే, సుమారు 57 డిగ్రీలకు, అతుకు కరిగి రాలిపోవాలి. దాని అంచు మీద ఎమల్షనో పుట్టీయో పూస్తే కప్పుకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. పళ్లేనికి రంగు కావాలంటే కంపెనీ నుంచే ఆ రంగులో తెప్పించుకోవాలి.

హోటళ్లలో గోడకు అడ్డంగా ఉండే హెడ్‌కు కోటు హ్యాంగరు తగిలించే పెద్దమనుషులూ ఉంటారు. బల్బు చిట్లితే నిమిషానికి ఎన్ని లీటర్లో పైన లెక్క వేసుకున్నాం. ఆ నీరు ఏళ్ల తరబడి ఇనుప పైపులో నిలవుండి నల్లగా, కంపు కొడుతూ వస్తుంది.

◆ పైపులో నీరు నిండుగా ఉంటే తుప్పు పెద్దగా పట్టదు. ఎక్కువగా పట్టేది మూలల్లో చిక్కుకున్న గాలి దగ్గర, నీటికీ గాలికీ సరిహద్దున. అందుకే 13వ ప్రమాణం 2016 ముద్రణ నుంచి తడి పైపుల వ్యవస్థల్లో గాలి పోయే మార్గం అడుగుతోంది.

◆ కార్లు మారితే కోడు మారింది. పార్కింగు సెల్లార్లను ఎన్‌ఎఫ్‌పీఏ 13వ ప్రమాణం 2022 ముద్రణలో ఒక మెట్టు పైకి, ఎక్కువ ప్రమాదపు వర్గంలోకి చేర్చింది. నిమిషానికి 6.1 మిల్లీమీటర్లు చాలన్న చోట ఇప్పుడు 8.1 కావాలి. కొత్త కార్లలో ప్లాస్టిక్ బాగా పెరిగింది, అవి పక్కపక్కనే ఇరుకుగా నిలుస్తున్నాయి. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో 2017 డిసెంబరు 31న ఒక బహుళ అంతస్తుల పార్కింగులో ఒక కారుతో మొదలైన మంట వెయ్యికి పైగా వాహనాలను బూడిద చేసింది. అక్కడ స్ప్రింక్లర్లు లేవు. మన సెల్లార్లలో ఇప్పుడు స్కూటర్ల చార్జింగు పాయింట్లు కూడా వస్తున్నాయి. పాత అంకెతో డిజైన్ చేసిన చోట మరోసారి లెక్క చూసుకోవడం మంచిది.

◆ ఇక రైజర్ల సంగతి. మెట్ల దగ్గర కింది నుంచి పైదాకా నిలబడే ఎర్ర పైపు, అంతస్తుకో ల్యాండింగ్ వాల్వు. అమెరికాలో దీన్ని స్టాండ్‌పైప్ అంటారు, దాని ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 14. ఎప్పుడూ నీరు నిండి ఉంటే వెట్ రైజరు, ఖాళీగా ఉండి ఫైరింజను వచ్చి నింపేదైతే డ్రై రైజరు. పైపు ఎంత లావున్నా అసలు ప్రశ్న చివరి అంతస్తులో ఎంత పీడనం మిగులుతుందన్నది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఖర్చవుతుంది. కోకాపేటలో లేస్తున్న 200 మీటర్ల టవరులో నీటి బరువే అడుగున 20 బార్లు. పైన చాలేట్టు పంపు పెడితే కింద గొట్టం పట్టుకున్న మనిషి ఎగిరిపడతాడు. వాల్వు దగ్గర 12 బార్లు దాటనివ్వకూడదని ఎన్‌ఎఫ్‌పీఏ గీత గీసింది. అందుకే ఎత్తైన భవనాలను నిలువునా రెండు మూడు భాగాలు చేస్తారు, లేదా పీడనం తగ్గించే ప్రత్యేక వాల్వులు పెడతారు.

ఆ వాల్వులు తప్పుగా బిగిస్తే ఏమవుతుందో ఫిలడెల్ఫియాలో తెలిసింది. 1991 ఫిబ్రవరి 23, శనివారం రాత్రి. వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు భవనం, 22వ అంతస్తు. చెక్క పనికి పాలిషు పట్టి, అవిసె నూనెతో తడిసిన గుడ్డలను వదిలి వెళ్లారు. ఆ నూనె గాలితో కలిసి తనంతట తాను వేడెక్కుతుంది, గుడ్డలు రాజుకున్నాయి. కరెంటు పోయింది, జనరేటరు అందుకోలేదు. సిబ్బంది చీకట్లో మెట్లెక్కి గొట్టాలు తగిలిస్తే నీటికి బలం లేదు. రైజరులో పీడనం లేక కాదు, అంతస్తుల దగ్గర పెట్టిన వాల్వులు దాన్ని మరీ తక్కువకు కోసేస్తున్నాయి. వాటిని సరిచేయడం తెలిసిన టెక్నీషియను వచ్చేసరికి గంటలు గడిచిపోయాయి. ముగ్గురు ఫైర్‌మెన్ పొగలో దారి తప్పి 28వ అంతస్తులో చనిపోయారు. దాదాపు పదకొండు గంటల పోరాటం తరువాత భవనం కూలుతుందేమోనన్న భయంతో సిబ్బందిని బయటికి రప్పించేశారు.

మంట ఆగింది 30వ అంతస్తులో. ఆ భవనంలో స్ప్రింక్లర్లు అన్నిచోట్లా లేవు, ఆ అంతస్తులో మాత్రం అద్దెకున్నవారు పెట్టించుకున్నారు. అక్కడ తెరుచుకున్నవి పది హెడ్లు. వందల మంది సిబ్బంది ఆపలేని మంటను అవి ఆపాయి. భవనం మళ్లీ వాడకంలోకి రాలేదు, 1999లో కూల్చేశారు.

అప్పటి ఎన్‌ఎఫ్‌పీఏ 14 కోడు అన్నిటికన్నా పై వాల్వు దగ్గర 65 పీఎస్‌ఐ, అంటే నాలుగున్నర బార్లు చాలంది. కానీ ఫైర్ సిబ్బంది చేతుల్లోని కొత్తరకం నాజిళ్లకు 100 పీఎస్‌ఐ కావాలి. కాగితం మీద పాసైన నీరు చేతిలో చాలలేదు. 1993 ముద్రణలో కనిష్ఠాన్ని 100 పీఎస్‌ఐకి, దాదాపు 7 బార్లకు పెంచారు. కోడు పుస్తకంలోని ఏ అంకెనైనా ఎవరి అవసరం కోసం రాశారో తెలుసుకోకుండా వాడకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

◆ నాలుగో అంతస్తులో మంట అయితే సిబ్బంది గొట్టం తగిలించేది ఎక్కడ? సాధారణంగా మూడో అంతస్తు వాల్వుకు. పొగ లేనిచోట నిలబడి, గొట్టంలో నీరు నింపుకుని మెట్లెక్కుతారు. వాల్వు నేల నుంచి 0.9 మీటర్ల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, మెట్ల గదిలోనే ఉండాలన్న నియమం వెనక ఈ అలవాటే ఉంది. దాన్ని ఫ్లాటు తలుపు పక్కన అందమైన చెక్క అల్మరాలో బంధించి, చక్రం తిప్పడానికి వేళ్లు కూడా పట్టనంత ఇరుకు చేస్తే ఆ వాల్వు లేనట్టే. చాలా అపార్టుమెంట్లలో హోస్ బాక్సు తెరిస్తే గొట్టం చివర నీరు చిమ్మే ఇత్తడి బ్రాంచి పైపు మాయమై ఉంటుంది. పాత సామాన్లవాడి దగ్గర దానికి మంచి ధర పలుకుతుంది మరి.

◆ న్యూయార్కులో 2007 ఆగస్టు 18న డాయిష్ బ్యాంకు పాత భవనంలో మంటలు లేచినప్పుడు రైజరుకు నీరు ఎక్కించినా పైకి రాలేదు. కూల్చివేత పనుల్లో బేస్‌మెంటులో ఆ పైపు ముక్కను ఎప్పుడో కోసేశారు. పైనున్న ఇద్దరు ఫైర్‌మెన్ బతకలేదు.

◆ విడి హెడ్లు మీ భవనంలో ఉన్నాయా? 300 లోపు హెడ్లున్న చోట కనీసం 6, వెయ్యి వరకు 12, ఆపైన 24 దాచి ఉంచాలి, పక్కనే వాటిని బిగించే ప్రత్యేక స్పానరు ఉండాలి. లేకపోతే ఒక హెడ్ చిట్లితే కొత్తది దొరికేదాకా వాల్వు మూసేయడమే దారి.

మూసిన వాల్వును మళ్లీ తెరవడం మరిచిపోవడమే అన్నిటికన్నా పెద్ద శత్రువు. స్ప్రింక్లర్లుండీ పనిచేయని ప్రమాదాలను ఎన్‌ఎఫ్‌పీఏ విడిగా చూస్తే, ఐదింట మూడింటిలో కారణం ఒకటే: వ్యవస్థను ముందే ఎవరో ఆపేసి ఉన్నారు. పంపు చెడిపోవడం, పైపు పగలడం దీని తరువాతే. ఏదో లీకేజీ, ఏదో మరమ్మతు, సాయంత్రం తెరుద్దామనుకున్నారు. వాల్వుకు గొలుసూ తాళమూ వేయడం, మూస్తే కంట్రోలు గదిలో మోగే స్విచ్చి పెట్టడం, ఈ రెండూ మొత్తం ప్రాజెక్టు ఖర్చులో లెక్కలోకి రానంత చౌక.

◆ స్ప్రింక్లరుకు వయసుంటుంది. మామూలు హెడ్లకు 50 ఏళ్లు నిండితే కొన్నింటిని ఊడదీసి ప్రయోగశాలకు పంపాలి, అవి ఫెయిలైతే ఆ బాపతు హెడ్లన్నీ మార్చాలి. 1920కి ముందు తయారైనవి ఎక్కడైనా మిగిలి ఉంటే పరీక్ష కూడా అక్కర్లేదు, నేరుగా తీసేయడమే.

◆ మన దేశంలో స్ప్రింక్లర్ల ప్రమాణం ఐఎస్ 15105, భవనాల్లోని రైజర్లు, హోస్ రీళ్ల ప్రమాణం ఐఎస్ 3844. భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, వీటిని తన వెబ్‌సైటులో ఉచితంగానే ఇస్తోంది, పేరు నమోదు చేసుకుంటే చాలు. మీ అపార్టుమెంటు సంఘం తదుపరి సమావేశానికి ముందు ఒకసారి తిరగేయండి. తరువాత నిర్వహణ కాంట్రాక్టరును పిలిచి రెండే అడగండి: పై అంతస్తు వాల్వు తెరిచి, నీరు పారుతుండగా పీడనం చివరిసారి ఎప్పుడు కొలిచారు? ఆ అంకె ఏ రిజిస్టరులో రాశారు?